తనిఖీనాటి లైబ్రేరియన్

అమీర్‌పేటల తిరుక్కుంట లైబ్రరీ అండ్ ఇన్ఫర్మేషన్ సైన్స్ చదివిన పిల్లను చూస్తే జనం నవ్వక ఏం జేస్తరు? సందుకు నాలుగు సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లాయె. "మూడు నెల్లు టెస్టింగ్ నేర్చుకుంటే అయిపోతుండె గదనే, బుక్కుల దుమ్ము దులిపే చదువేందే?" అని మేనత్త మంగవ్వ ఎన్నిమార్లన్నదో లెక్కలేదు.

రవళి మొండిది. సిరిసిల్లల మగ్గం విడిచి వచ్చి బోరబండల టైలర్ షాపు పెట్టుకున్న ఉప్పలయ్య బిడ్డ. పుస్తకం చేతికిస్తే అది ఏ అరలకు పోవాల్నో టక్కున చెప్తది. యూనివర్సిటీల సార్లు చెప్పిన్రు: కాలేజీలల్ల, పత్రికాఫీసులల్ల, ఆస్పత్రి రికార్డుల కాడ, పెద్ద కంపెనీలల్ల సుత మీకు కొలువులుంటయని. ఉంటయి, ఎందుకుండయి! ఉన్నకాడ ఓనరు చుట్టం కూసుంటడు, గంతే.

రెండేండ్లు తిరిగినంక పంజాగుట్టల ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీల టెంపరరీగ దొరికింది. ఓనరు విజయేందర్. "తనిఖీ కమిటీ వస్తది. లైబ్రరీ తయారు చెయ్యమ్మా, జూన్ల పర్మనెంట్ చేస్తా" అన్నడు. గా మాట పట్టుకోని రవళి ఆరువేల పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబర్లేసి, చీటీలంటించి, కంప్యూటర్ల ఎక్కించింది. ఇంట్ల నాయినకు చూపు మందగించి సూదిల దారం సుత ఎక్కుతలేదు. ఇగ రవళి కొలువు మీదనే ఇల్లు నడవాలె.

తనిఖీకి ముందునాడు విజయేందర్ పిలిచిండు. "కాగితాల మీద లైబ్రేరియన్ మా కోడలు ధాత్రి. రేపు నువ్వు అటెండర్‌వని చెప్తం, జర అడ్జస్ట్ కావాలె. జూన్ల నిన్ను పర్మనెంట్ చేసుడు మాత్రం పక్కా." రవళికి ఒళ్లు మండింది. మండి ఏం లాభం, తలూపింది.

తెల్లారి ధాత్రి పట్టుచీర కట్టుకొచ్చి లైబ్రేరియన్ కుర్చీల కూసున్నది. ఆ గదిల అడుగుపెట్టుడే ఫస్టు. కమిటీ పెద్దాయన చేనేత పుస్తకమొకటి తీసి, చీటీని వేలితో మూసి, "దీనికి ఏ నంబరు ఇస్తారమ్మా?" అన్నడు.

"బట్టలే గదా సార్... ఫ్యాషన్ల పెడ్తం" అన్నది ధాత్రి.

అయ్యో రామ! నేసెటోళ్ల ఇంటి పిల్ల ఎట్ల ఊకుంటది?

"ఆరువందల డెబ్బై ఏడు సార్! మగ్గం మీద నేసుడు గురించి గదా. చీరల డిజైన్ల గురించైతే ఏడువందల నలభై ఆరు."

నోట్లకెళ్లి ఊడిపడ్డంక గని తెల్వలే, మాట్లాడింది తనే అని. కొలువు పోయిందనుకున్నది. లోపల్నే ఒక పాడు ఆశ సుత లేసింది: అసలోళ్లు ఎవరో ఈయనకు సమజైందేమో, నన్నే అడుగుతడేమో.

"ఈ అమ్మాయి ఎవరు?" అన్నడు పెద్దాయన.

"అటెండర్ సార్" అన్నడు విజయేందర్.

పెద్దాయన మొఖం వెలిగిపోయింది. ధాత్రి దిక్కు తిరిగి, "శభాష్ అమ్మా! అటెండర్‌నే ఇంతగా తయారు చేశారంటే పిల్లలకి ఇంకెంత నేర్పుతున్నారో!" అన్నడు. గదే మాట రిపోర్టుల రాసి సంతకం పెట్టిండు. ధాత్రి సిగ్గుపడి నవ్వి, "రవళీ, సార్లకు చాయ్ తీస్కరా" అన్నది. తెచ్చింది.

విజయేందర్ మాట తప్పలే. జూన్ల పిలిచి ఆర్డర్ చేతిల పెట్టిండు. పర్మనెంటే, అటెండర్‌గ. రవళి రెండుసార్లు చదువుకోని, సంతకం పెట్టింది.