బావగారి నోటుబుక్కులో రెండు పేజీలు

ఈ రోజు పొద్దున నా వల్ల ఒక పొరపాటు జరిగింది.

మా వారి అన్నగారు మెల్‌బోర్న్‌లో ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేసి, మా తోడికోడలు పోయాక ఇక్కడ ఈ అరబ్బు దేశంలో, అబూ హలీఫాలో మా దగ్గరే ఉంటున్నారు. అక్కడి ఫుట్‌బాల్ అంటే ఆయనకు ప్రాణం. కోడిగుడ్డు ఆకారం బంతితో, కాళ్ళతోనూ చేతులతోనూ ఆడతారు. ప్రతి శనివారం ఆట చూసి, తన జట్టు ఎక్కడ తడబడిందో నోటుబుక్కులో రాసుకుని, పాత స్నేహితుల గ్రూపులో పెడతారు.

పూజ హడావుడిలో నేను టీవీలో పోయిన వారం ఆట పెట్టేశాను. ఆయన చివరిదాకా శ్రద్ధగా చూసి, రాసి, నాకు చదివి వినిపించారు.

"ప్రతిసారీ బంతి ఆ పొడుగోడికే తంతున్నారమ్మా. అవతల ముగ్గురు వాడి మీదే కాపు కాస్తున్నారు. ఎడం పక్కంతా ఖాళీ!"

నోటుబుక్కు తీసుకుని పోయిన శనివారం రాసిన పేజీ చూశాను. అక్కడా ఇవే మాటలు.

గ్రూపులో పెడితే నవ్వుతారేమోనని మెల్లగా చెప్పాను. "బావగారూ, ఇది పోయినవారం ఆటండి. నేనే పొరపాటున పెట్టేశానండి."

రెండు పేజీలూ చాలాసేపు చూసుకున్నారు. "రెండుసార్లూ ఒకేలా రాశానంటే నా విశ్లేషణ కరెక్టేనన్నమాట," అని నవ్వబోయారు. నవ్వు రాలేదు. "తమ్ముడికి చెప్పకమ్మా. కంగారుపడతాడు."

సరేనన్నాను. ఈ రోజు ఆట పెట్టాను. కొత్త పేజీ తీసి, "తారీఖు నువ్వే వెయ్యమ్మా," అన్నారు.

సాయంత్రం మా వారు డ్యూటీ నుంచి వస్తూనే, "అన్నయ్య జట్టు గెలిచిందా?" అని అడిగారు.

"ఓడిపోయిందండి," అన్నాను. అంతవరకే చెప్పాను.

దీపం పెట్టి దేవుడి ముందు కూర్చున్నా ఏమీ తోచడం లేదు. మీరైతే మిగతాది చెప్పేస్తారా?