ముప్పై ఎనిమిదో ప్రశ్నకి నా జవాబు

ఇంటీరియర్ డిజైనర్‌ని పెట్టుకుంటే మొట్టమొదట ఏం చేస్తారండీ అని ఈమధ్య మా అపార్ట్‌మెంటులో ఒక్కొక్కరూ వచ్చి అడుగుతున్నారు, నేనేదో ఆ విద్యలో పండిపోయినట్టు. ఏం చేస్తారు, ప్రశ్నలడుగుతారు. సోఫా ఎక్కడ, టీవీ ఎక్కడ అని అడుగుతారనుకుంటాం మనం. కాదు, పొద్దున్న ఎన్నింటికి లేస్తారు, లేచాక ముందు ఎటు నడుస్తారు, ఇంట్లో ఎన్ని జతల చెప్పులున్నాయి, చీరలు మడతపెడతారా హ్యాంగరుకి వేస్తారా, కోపమొస్తే ఏ గదిలోకి పోయి తలుపేసుకుంటారు. ఈ చివరిది నేను కల్పించాను గానీ తక్కినవన్నీ నిజంగా అడిగినవే. మా డిజైనర్ రాజమండ్రి అమ్మాయి. మహా అయితే ముప్పై ఏళ్ళుంటాయి. నా ఫోనుకి పంపిన ఫారంలో యాభై రెండు ప్రశ్నలు పెట్టింది.

ఫారమంటే నాకు భయమేంటండీ! ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. గవర్నమెంటు టీచరంటే పాఠాలు చెప్పేది సగం, ఫారాలు నింపేది సగం. జనాభా లెక్కలు రాశాను, ఓటర్ల జాబితాలు రాశాను, ఎవరింట్లో ఎన్ని గేదెలున్నాయో కూడా రాశాను. ఎవరి గుమ్మంలోనైనా నిలబడి, గడగడా గళ్ళు నింపేసి పక్కింటికి పోయేవాణ్ణి. సగం ఇళ్ళలో వాళ్ళు నోరు తెరిచేలోపే రాసేసేవాణ్ణి. "మాస్టారికి అన్నీ తెలుసండి" అనేవారు. ఆ మాట విని విని నిజమే కాబోలనుకున్నాను. అదీ నా జబ్బు.

ఇప్పుడు మా ఆవిడ సంగతి చెప్పాలి. ఆవిడది ఎడమచేతి వాటం. కూర తరిగినా, పప్పు కలిపినా, అట్టు తిరగేసినా ఎడమచెయ్యే. కానీ ఈ ముక్క బయట పురుగుకి కూడా తెలీదు. చిన్నప్పుడు ఎడమచేత్తో ఏది ముట్టుకున్నా వాళ్ళమ్మగారు చేతిమీద ఒక్కటిచ్చేవారట. మేం పెళ్ళిచూపులకి వెళ్ళేముందు వారం రోజులు కాఫీ గ్లాసు కుడిచేత్తో అందించడం ప్రాక్టీసు చేయించారట. మన వైపు పంక్తిలో ఎడమచేత్తో వడ్డిస్తే ఇంకేమైనా ఉందా, విస్తరి ముందునుంచి లేచిపోతారు! అందుకని ఇంటికి ఎవరొచ్చినా గరిటె కుడిచేతిలోకి వెళుతుంది. వాళ్ళు మెట్లు దిగగానే మళ్ళీ ఎడమచేతిలోకి వస్తుంది. ఏళ్ళ తరబడి చూసి చూసి, నాకు అది కనిపించడం మానేసింది.

ట్రాన్స్‌ఫర్ల పుణ్యమా అని తొమ్మిది అద్దె ఇళ్ళు మారాం. నిడదవోలు, పెనుగొండ, రావులపాలెం, చివరికి తణుకు. ప్రతి ఇంట్లోనూ వంటింటి గట్టు ఆ ఇల్లుగలావిడ చేతి వాటానికి కట్టిందే. ఎక్కడా ఆవిడ నోరెత్తి ఇది బాగాలేదనలేదు. రిటైరయ్యాక తణుకులో ఈ ఫ్లాటు కొన్న రోజున మాత్రం ఒక్కమాట అంది. "హాలు మీ ఇష్టం, పడగ్గది మీ ఇష్టం. వంటిల్లొక్కటి నా చేతికి సరిపడేట్టు చేయించండి. మళ్ళీ ఇల్లు కొంటామా, మళ్ళీ నేను అడుగుతానా?" అంది. డిజైనర్‌ని పిలిచిందే ఆ ఒక్క గది కోసం. తక్కినదంతా నా షోకు.

ఫారం నింపడానికి పడక్కుర్చీలో కూచున్నాను. ఆవిడ రెండడుగుల దూరంలో, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నేను టకటకా నొక్కుకుంటూ పోతున్నాను. ముప్పై ఎనిమిదో ప్రశ్న: వంట ఎక్కువగా చేసేవారిది కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా? నొక్కేశాను. కుడి. ఆలోచించి నొక్కానా అంటే ఆలోచించే నొక్కానండి, అబద్ధమెందుకు. మన ఆడవాళ్ళది ఎడమచెయ్యి అని ఎవరో ముక్కూ మొహం తెలీని పిల్లకి రాసిస్తామా అనిపించింది. అత్తగారు దాచారు, మా అమ్మ దాచింది, నేనూ దాచాను. ఆ గది చేయిస్తున్నదే ఆ చేతి కోసమన్న ఆలోచన ఆ క్షణాన నా బుర్రలోకి రాలేదు. ముప్పై తొమ్మిదో ప్రశ్న మిక్సీ గురించి. దానికి మాత్రం, "ఏమేవ్, మన మిక్సీకి జార్లెన్ని?" అని ఆవిణ్ణి అడిగి మరీ రాశాను.

తర్వాత అసలు తతంగం మొదలైంది. గోడలకి తెల్లరంగు వెయ్యమ్మా అన్నాను ఆ అమ్మాయితో. ఏ తెలుపు సర్ అంది. తెలుపులో ఏ తెలుపేంటి! అట్ట మీద పద్నాలుగు తెలుపులు చూపించింది. ఒకటి కోడిగుడ్డు పెంకు రంగట. నాటుకోడా ఫారంకోడా అనడిగాను. నవ్వింది గానీ నోట్సులో ఏదో రాసుకుంది. ఆ తర్వాత త్రీడీ బొమ్మలొచ్చాయి. మా హాల్లో మా సోఫాలో ఎవరో తెల్లదొర కాలుమీద కాలేసుకుని పుస్తకం చదువుతున్నాడు, పక్కన కుక్క. "వీడెవడమ్మా మా ఇంట్లో?" అన్నాను. "అది స్కేలు కోసం సర్, మనిషి పక్కన గది సైజు తెలియడానికి" అంది. ఇంటికి సరిపోయే మనుషులు మేం కామా మరి? ఫాల్స్ సీలింగు గురించి నాలుగు రోజులు కొట్టుకున్నాం. ఉన్న సీలింగుకి ఏం రోగమొచ్చిందని నేనూ, దాని కింద ఇంకోటి లేకపోతే లైట్లు ఎక్కడ పెడతామని తనూ. చివరికి తనే గెలిచింది.

తను మా అద్దింటికి వచ్చినప్పుడల్లా మా ఆవిడ మర్యాదలకి లోటు చెయ్యలేదు. ఒకసారి పెసరట్టు ఉప్మా, ఒకసారి అరటికాయ బజ్జీలు. వెళ్ళేటప్పుడు కారు డిక్కీలో చక్కరకేళీ గెల. వడ్డనంతా కుడిచేత్తోనే. ఆ అమ్మాయి తింటూ, "ఆంటీ, కిచెన్ గురించి మీరింకేమైనా చెప్పాలా?" అని ప్రతిసారీ అడిగేది. ఈవిడ, "ఆయన అన్నీ రాశారు కదమ్మా" అనేది. నా మీద అంత నమ్మకం.

వంటింటి ప్లాను ఫోనుకి వచ్చిన రోజున తెరిచి చూశాను. స్టవ్వుకి ఎడమపక్కన నేలనుంచి సీలింగుదాకా పెద్ద అల్మారా. కుడిపక్కన తరుక్కునే గట్టు, పోపుడబ్బా సొరుగు, గరిటెల సొరుగు. ముప్పై ఎనిమిదో ప్రశ్నకి నేనిచ్చిన జవాబే అది. మా ఆవిడ అద్దాలు పెట్టుకుని ఆ గీతలన్నీ చూసి, "నాకేం అర్థమవుతాయండీ ఇవి, మీరు చూశారుగా చాలు" అని ఫోను తిరిగిచ్చేసింది.

అప్పుడు చెప్పేస్తే పోయేది. చెప్పానా? ఆ అమ్మాయికి ఫోను చేసి గొంతు సవరించుకుని, వాస్తు ప్రకారం ఆ అల్మారా అటుపక్క ఉండకూడదట అన్నాను. లెక్కల మాస్టారుగా చేసినన్నాళ్ళూ వాస్తుని వెక్కిరించిన మనిషిని నేను. "సర్, బిల్డరిచ్చిన వాస్తు కాగితం, సిద్ధాంతిగారు సంతకం పెట్టింది, మీరే పంపారు కదండీ, స్టవ్వు ఆగ్నేయంలోనే ఉంది" అంది. "అయినా మార్చమంటే మార్చేస్తాను సర్, కానీ ఆంటీ చేతికి ఇబ్బందవుతుంది. మీరు రైట్ అని రాశారుగా." సరేలేమ్మా అని పెట్టేశాను. ఆ వారం నాకు అన్నం సహించలేదు. మా ఆవిడ షుగరు చూపించుకోమంది.

ఫ్లాటుకి ప్లైవుడ్డు వచ్చేసింది. కొయ్యడానికి ముందు ఆ అమ్మాయికి ఒక పద్ధతుందట. వంటింటి గోడ మీదా నేల మీదా సుద్దతో గీతలు గీసి, ఇక్కడ స్టవ్వు, ఇక్కడ అల్మారా అని చూపించి, వంట చేసేవాళ్ళని అక్కడ నిలబెట్టి ఉత్తుత్తి వంట చేయిస్తుంది. చెయ్యి ఎక్కడ తగులుతోందో అప్పుడు తెలుస్తుందట. కార్పెంటరు మేస్త్రి, చేతిలో టేపుతో ఒక పక్కన నిలబడ్డాడు. అల్మారా రావాల్సిన చోట ఒక ప్లైవుడ్డు షీటు నిలబెట్టారు. నేను గుమ్మంలో ఉన్నాను.

"ఆంటీ, పప్పుకి తిరగమోత పెట్టండి" అంది ఆ అమ్మాయి.

మా ఆవిడ సిగ్గుపడింది. చీరకొంగు దోపుకుంది. బయటివాళ్ళు ఇద్దరున్నారు కదా, గాలిలో గరిటె కుడిచేత్తో పట్టుకుంది. ఆవాలు కుడిచేత్తో వేసింది, ఎండుమిరపకాయ కుడిచేత్తో తుంచింది. చిన్నపిల్ల పెద్దబాలశిక్ష అప్పజెబుతున్నట్టు ఒక్కోటీ ఆగి ఆగి చేస్తోంది. ఎడమచెయ్యి పక్కన ఊరికే వేలాడుతోంది. "చాలా బాగుంది ఆంటీ, ఎక్కడా తగల్లేదు" అంది ఆ అమ్మాయి. మేస్త్రి పెన్సిలు చెవిమీంచి తీశాడు. ఇక కోసేస్తాడు. ఆవిడ అడిగిన ఒక్కటీ నా కళ్ళముందే పోతోంది, అదీ ఆవిడ చేతులతోనే.

"ఆగవయ్యా!" అని అరిచాను. "ఆవిడది ఎడమచెయ్యి!"

నా కేక ఖాళీ ఫ్లాటులో ఖంగుమంది. మేస్త్రి అదిరిపడ్డాడు. మా ఆవిడ మొహం ఎర్రబడింది. పరాయివాళ్ళ ముందు ఇదేంటన్నట్టు నన్ను చూసింది. ఆ అమ్మాయి ఫోను తీసి, "ఫారంలో రైట్ అని ఉందండీ" అంది మెల్లిగా.

"నేనే రాశాను."

"అడగలేదా మీరు, ఆంటీని?"

మా ఆవిడే అందుకుంది. "ఆయన జనాభా లెక్కలు రాసిన మనిషమ్మా. గుమ్మంలో నిలబడి రాసుకుపోతారు గానీ లోపలికి రారు" అంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. తర్వాత రవికె చెయ్యి కాస్త పైకి లాగి ఎడమ మోచెయ్యి ఆ అమ్మాయికి చూపించింది. ముదిరిపోయి నల్లగా, రూపాయి బిళ్ళంత మచ్చ. "ఇది నిడదవోలు గోడ. ఆ పైన పెనుగొండ గోడ. గరిటె తిప్పినప్పుడల్లా కొట్టుకునేది. అన్ని ఇళ్ళూ నా చేతికి గుర్తే" అంది.

అయ్యో, ఆ మచ్చ నాకెందుకు తెలీదండీ! ఆవిడ ఇన్సూరెన్సు ఫారంలో పుట్టుమచ్చల గడిలో రాసింది నేనే. ఎడమ మోచేతి మీద నల్లమచ్చ అని, మంచి దస్తూరీతో. అదే మాట పైకి అనేశాను. "నేను పుట్టుమచ్చ అనుకున్నానే" అన్నాను.

ఆవిడ నన్నొకసారి పైనుంచి కిందిదాకా చూసింది. "కాపరానికొచ్చినప్పుడు లేదు కదండీ" అంది.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. మేస్త్రి టేపు వంక చూస్తూ నిలబడ్డాడు, పాపం. ఆ అమ్మాయి మాత్రం తడిగుడ్డతో గోడమీద సుద్దగీతలు తుడిచేసింది. ప్లైవుడ్డు షీటుని మేస్త్రి చేత కుడిపక్కకి మార్పించింది. "ఇప్పుడు మళ్ళీ పెట్టండి ఆంటీ తిరగమోత. మీ చేత్తో" అంది.

మా ఆవిడ నావైపు చూసింది. నేను తలూపాను. నేనూపేదేంటి అసలు, కానీ ఊపాను. ఎడమచేత్తో గరిటె అందుకుంది. ఏం తిప్పిందండీ! ఆవాలు చిటపటలాడినట్టే అనిపించింది నాకు. రెండు నిమిషాల్లో పప్పు అయిపోయింది, చారు మొదలుపెట్టింది, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి, "ఇంగువ డబ్బా ఇక్కడ పెట్టించమ్మా. ఉప్పు ఇక్కడ. ఇంత ఎత్తొద్దు, కిందకి" అంటోంది. ఆ అమ్మాయి రాసుకోలేక చస్తోంది. ముప్పై రెండేళ్ళు ఈవిడ వండింది తిన్నానే, ఈవిడ వండగా నిలబడి చూసింది అదే మొదటిసారి.

ఇప్పుడు మేం ఆ ఇంట్లోనే ఉంటున్నాం. ఫాల్స్ సీలింగులో మూడు లైట్లు అప్పుడే పోయాయి. కోడిగుడ్డు పెంకు రంగుని చుట్టాలందరూ తెల్లరంగే అంటున్నారు. వంటిల్లు మాత్రం ఆవిడ చేతికి అతికినట్టు కుదిరింది. పొద్దున్న కాఫీ నా డ్యూటీ. నాది కుడిచెయ్యి కదా, పాలు కలిపినప్పుడల్లా ఆ నిలువెత్తు అల్మారాకి ఠంగున మోచెయ్యి కొట్టుకుంటుంది. హాల్లోంచి ఆవిడ కేకేస్తుంది, "తగిలిందా?" అని.

"లేదులే" అంటాను.

రోజూ తగులుతుంది, రోజూ అడుగుతుంది. ఒక్కరోజు మానలేదు. తొమ్మిది ఇళ్ళలో నేను ఒక్కసారి అడగలేదు. మొన్న స్నానం చేస్తుంటే చూసుకున్నాను, నా కుడి మోచేతి మీద నల్లగా ఒక మచ్చ మొదలైంది.