గోల చేస్తారు, ఆడతారు కూడా

పోయిన శుక్రవారం అరకు సంతలో చింతపండు అమ్ముతుంటే ఫోనొచ్చింది, మా మేడం పోయారని. గుండెనొప్పి వచ్చిందట. జీపులో ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఘాట్ రోడ్డులోనే ప్రాణం పోయిందట.

ఆవిడ ముంచింగిపుట్టు వైపు కాఫీ రైతు కూతురు. మాటలు రాని పిల్లలకూ, కుదురుగా కూర్చోలేని పిల్లలకూ నేర్పే చదువు విశాఖలో చదివారు. అక్కడి ఉద్యోగం వదులుకుని కొండకు తిరిగొచ్చారు. మా ఊరి బడి వెనక వాడకం లేని బియ్యం గది ఉంటే అడిగి తీసుకున్నారు. అందులో బల్లలు లేవు. మట్టి, రంగులు, ఒక డప్పు, అంతే.

మా అమ్మాయికి మాటలు రావు. జీపు హారన్ మోగితే రక్తం వచ్చేలా చెయ్యి కొరుక్కునేది. దేవత కోపమన్నారు కొందరు. ఇంటి దగ్గరే ఉంచుకోమన్నారు బడిలో. మేడం నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"కొరకొద్దని తిట్టకమ్మా. కొరికే ముందు ఏటయిందో సూడు."

హారన్ మోగినప్పుడల్లా పిల్ల చెయ్యి పట్టుకుని డప్పు మీద వేయించేవారు. కొట్టగానే మెచ్చుకుని బెల్లం ముక్క పెట్టేవారు. అలా చాలా వారాలు. ఒకనాడు హారన్ వినపడగానే పిల్ల తనంతట తనే డప్పు దగ్గరికి పరిగెత్తింది. నాకు ఏడుపొచ్చింది. మేడం ఏడవలేదు. ముందు బెల్లం పెట్టమన్నారు.

మా ఆయన గదిలోకి వచ్చేవాడు కాదు, సిగ్గు. గుమ్మం బయట బీడీ కాలుస్తూ కూర్చునేవాడు. "బయట కూకుంటే నీ గుంటకి నువ్వెవరో ఎలాగ తెలుస్తాది నాయినా? లోనికొచ్చి మట్టి పిసుకు," అన్నారు మేడం. ఆ రోజు తండ్రీ కూతురూ కలిసి వంకర కుండ చేశారు. అది మా ఇంట్లో ఇప్పటికీ ఉంది.

మా కొండ ఆట ధింసా నేర్పడం మరీ కష్టమైంది. ఒకరి నడుము వెనక ఒకరు చెయ్యి వేసి ఆడాలి కదా, మా పిల్లకు ఎవరు తాకినా పడదు. మేడం ముందు తువ్వాలు కొస పట్టించారు. తర్వాత వేలు. తర్వాత చెయ్యి. "వేసిన అడుగు సూడండి. వెయ్యనిది రేపు సూద్దాం," అనేవారు తల్లులందరితో.

బడి వార్షికోత్సవానికి అతిథులు వస్తున్నారని, మీ పిల్లలు గోల చేస్తారు, వెనక కూర్చోబెట్టండని హెడ్మాస్టరు చెప్పారు. మేడం గొంతు పెంచలేదు.

"సెయ్యరని నాను సెప్పను సార్. గోల సేత్తారు. ఆడతారు కూడా. రెండూ సూడండి."

పిల్లల్ని వరుసగా పట్టుకుని నేరుగా మైదానం మధ్యలోకి నడిచారు. ఆట సగంలో మైకు కీచుమంది. మా పిల్ల చెవులు మూసుకుని నేల మీద కూలబడింది. జనం గుసగుసలాడారు. మేడం కూడా దాని పక్కనే దుమ్ములో కూర్చున్నారు. వరుస ఆగలేదు, నిలబడ్డచోటే అడుగులేసింది. అతిథులు ఎదురుచూశారు. చూడనీ. కాసేపటికి పిల్ల లేచి వరుసలో దూరింది. మిగిలిన ఆటంతా ఆడింది.

మేడం అంత్యక్రియలకు తల్లులమంతా పిల్లలతోనే వెళ్ళాం. వాళ్ళెందుకని అడిగినవాళ్ళను దాటుకుని పిల్లల్ని ముందుకు నడిపించాం.

సోమవారం గదికి కొత్త తాళం ఉంది. మేడం లేరు గనక బడివాళ్ళు గది వెనక్కి తీసుకున్నారట. మేం వరండాలో చాపలు పరిచాం.

"మేడమే లేదు, మీరేటి సేత్తారమ్మా?" అన్నాడు వాచ్‌మన్.

"ఆవిడ నేర్పిందే సేత్తాం," అన్నాను.

రోజూ అక్కడే కూర్చుంటున్నాం. నిన్న మా అమ్మాయి బొగ్గుముక్క తీసుకుని ఆ తలుపు మీద పెద్ద కోడిపుంజును గీసింది. తాళం సరిగ్గా దాని పొట్టలో పడింది. తాళాన్ని మింగేసి, మెడ ఎత్తి నిలబడింది పుంజు. వాచ్‌మన్ తడిగుడ్డ తెచ్చాడు. కాసేపు చూసి, గుడ్డ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.