నందిగామలో మంగళవారమైన ఆదివారం

లెక్కల లెక్చరరుగా రిటైరయ్యాక జగ్గయ్యపేటలో ఒక కంప్యూటర్ సెంటర్లో సీ భాష చెప్పేదాన్ని. మా తోటికోడలు నందిగామలో అలాంటి సెంటరే నడిపేది. మా దగ్గర డాస్ మీద నడిచే పాత సీ, ఆమె దగ్గర లైనక్స్ మీద నడిచేది. రెండూ ఒకటే భాష అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు ఒక్కసారి ఫ్లాపీ పట్టుకుని పేట నుంచి నందిగామకు బస్సులో వెళ్ళి ఉంటే బాగుండేది.

వత్సవాయి నుంచి వచ్చి నా దగ్గర నేర్చుకున్న అమ్మాయి ఒకతె ఉండేది. తండ్రి లారీ డ్రైవరు. ఆ వేసవిలోపు ఉద్యోగం దొరక్కపోతే అక్క కుట్టు షాపులో కూర్చోవాలని ఇంట్లో తేల్చేశారు. తనకేమో కుట్టుమిషన్ చూస్తేనే ఏడుపు. మా తోటికోడలికి ఇన్‌స్ట్రక్టరు కావలసి వచ్చింది. "ఆ అమ్మాయి తన ప్రోగ్రాం మా మిషన్లో నడిపి చూపిస్తే చేర్చుకుంటానక్కా" అంది.

తేదీ ఇస్తే ఏ వారమో చెప్పే ప్రోగ్రాం అది. ప్రోగ్రాంలో ప్రతి భాగానికీ విడిగా ఒక చిన్న పరీక్ష రాయాలని, జవాబు కలిస్తే 'సరి', లేకపోతే 'తప్పు' అని తెరమీద పడాలని నా నియమం. సెంటరు గోడకున్న క్యాలెండర్లు చూసి అమ్మాయి పరీక్షలు రాసింది. మా దగ్గర అన్నీ సరి. ఫ్లాపీలో వేసుకుని ఇద్దరం బస్సెక్కాం.

నందిగామలో అన్నీ తప్పు.

"ఇదేంటక్కా, మా ఊళ్ళో ఆదివారం మంగళవారమైపోయింది! మీ పేటోళ్ళు క్యాలెండర్లు కూడా సొంతంగా అచ్చేయించుకుంటన్నారా?" అంది తోటికోడలు.

"నీ మిషనుకి సెలవంటే పడదేమోలే" అన్నాను గానీ, నాకు ఒళ్ళు మండిపోతోంది.

అమ్మాయి నా చెవి దగ్గరకొచ్చి, "రెండు తీసేస్తే సరిపోద్ది మేడం" అంది.

"ఏ రెండు?"

చూపించింది. వారం లెక్క చివర రెండు కలిపి ఉంది. "పేటలో రెండ్రోజులు వెనక్కి చూపించింది మేడం. అందుకని కలిపా. ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో అందరం ఇలానే చేసేవాళ్ళం కదండి. ముందు ఆన్సరు రాసుకుని, తర్వాత రీడింగులు."

నిజమే. మా కాలేజీలో లోలకం ఎవరు ఊపినా, ఎలా ఊపినా, క్లాసు మొత్తానికి గురుత్వాకర్షణ విలువ ఒకటే వచ్చేది.

"పేటకి రెండుతో ఒకటి, నందిగామకి రెండు లేకుండా ఒకటి ఉంచుదామా మేడం?" అంది మళ్ళీ.

"కంచికచర్లకి ఇంకోటి రాస్తావా?" అని కసిరాను. తోటికోడలు నవ్వి వారం రోజులు గడువిచ్చింది.

పేటకొచ్చి నా పెళ్ళి తేదీ ఇచ్చి చూశాను. మా పెళ్ళి బుధవారం జరిగింది. మా మిషన్ కూడా రెండ్రోజులు ముందుకెళ్ళి శుక్రవారం అంది! గోడమీది క్యాలెండర్లన్నీ కొత్తవి కావడంతో పాత తేదీ ఒక్కటీ పరీక్షలోకి రాలేదన్నమాట.

కాగితం మీద వేస్తే సంగతి తేలింది. ఆ ప్రోగ్రాం పంతొమ్మిది వందల సంవత్సరం నుంచి రోజులు లెక్కపెడుతుంది. మా సీలో మామూలు పూర్ణసంఖ్య ముప్పై రెండు వేల చిల్లర దాటగానే రుణసంఖ్యగా తిరగబడుతుంది. రోజుల లెక్క ఆ హద్దు దాటేది పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదిలో. ఆ తర్వాతి తేదీలన్నీ అలా తిరగబడి, వారం రెండు రోజులు వెనక్కి పోతోంది. నందిగామ సీలో ఆ హద్దు రెండు వందల కోట్ల పైన. పెద్ద సంఖ్యలు పట్టే రకం వాడమని అమ్మాయికి చెప్పాను. అది మార్చాక, ఆ సంఖ్యల్ని తెరమీద చూపించే ప్రతి వరుసా మార్చాల్సి వచ్చింది. ఒకటి వదిలేస్తే చెత్త అంకెలు. ఆ రెండు మాత్రం దగ్గరుండి తీయించాను.

ఈసారి రెండు ఊళ్ళలోనూ సరి అంది. తోటికోడలు నమ్మకుండా తన పెళ్ళి తేదీ, వాళ్ళమ్మ పెళ్ళి తేదీ కూడా ఇచ్చి చూసుకుంది. చివరికి, "సోమవారం నుంచి వచ్చెయ్ అమ్మాయ్. సోమవారమే, బుధవారం కాదు" అంది. అమ్మాయి బస్సెక్కిందాకా నవ్వుతూనే ఉంది.

మర్నాడు మా సెంటర్లో మిగతావాళ్ళ ప్రోగ్రాములు తెరిచాను. అందరూ ఆ అమ్మాయిది దించుకున్నవాళ్ళే. ప్రతిదాంట్లోనూ చివర రెండు కలిపి ఉంది. పక్కన కూర్చుని ఒక్కొక్కరి చేతా తీయిస్తుంటే, వెనక మిషన్ ముందున్న మరో అమ్మాయి చెయ్యి ఎత్తింది.

"తీసేస్తే ఆన్సరు మారిపోద్ది కదా మేడం?"