ఎర్త్ గొయ్యి మీద మోత

దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ణి. రేడియోలు బాగుచేసేవాడికి ఏ చప్పుడుకైనా ఎక్కడో ఒకచోట కారణం దొరుకుతుంది. నాకు దొరకనిది ఒక్కటే.

అరవైల్లో నందిగామలో నాకు చిన్న రేడియో రిపేరు దుకాణం ఉండేది. వైరింగు పనులు కూడా చేసేవాణ్ణి. ఒకసారి జగ్గయ్యపేట నుంచి సుగుణమ్మగారు తన రేడియో చూడమని కబురు పెట్టారు. ఆవిడ మిషన్ బడిలో టీచరు. భర్త ప్రకాశంగారు ఇంటిపక్క షెడ్డులో పిండిమర నడిపేవారు. అంతకు ఏడాది ముందు ఆ మర మోటారు షాకు కొట్టి చనిపోయారు.

ఆ మోటారుకు వైరింగు చేసింది నేనే. నన్నెవరూ ఏమీ అడగలేదు. నేనూ వెళ్లి చూడలేదు.

"నాలుగింటికి మొదలవుద్ది తమ్ముడూ. ఓ పావుగంట ఒకటే గోల. వార్తలు ఒక్క ముక్క వినపడవు," అన్నారావిడ.

చెప్పినట్టే నాలుగింటికి వచ్చింది. ముందు గరగర, తర్వాత బరువు పడ్డ మోటారు మూలిగినట్టు మోత. ఏరియల్ తీగ పీకేశాను. తగ్గలేదు. ఇంటి మెయిన్ ఆపేసి, నా బ్యాటరీ ట్రాన్సిస్టరు పెట్టాను. అందులోనూ అదే మోత.

వెనకవీధి బియ్యం మిల్లు పనేమో అనుకుని మర్నాడు ముందే వెళ్లి చూశాను. మిల్లుకు ఆ రోజు సెలవు. నాలుగింటికి మోత మాత్రం మానలేదు.

మళ్లీ మెయిన్ ఆపి, ట్రాన్సిస్టరు చేత్తో పట్టుకుని, మోత పెరిగిన వైపల్లా నడిచాను. షెడ్డు దాకా వెళ్లాను. లోపల మోటారు లేదు, అమ్మేసి నెలలైంది. స్తంభం నుంచి షెడ్డుకు వచ్చే తీగలు కూడా తీసేశారు. షెడ్డు వెనక, షాకు కొట్టకుండా కరెంటును భూమిలోకి దింపే ఎర్త్ గొయ్యి మీదికి రాగానే ట్రాన్సిస్టరు చేతిలో అదిరిపోయింది. పక్కకు ఒక్క అడుగు వేస్తే తగ్గుతోంది.

"ఇది ఆయన మర చప్పుడే కదూ?" వెనక నుంచి అడిగారు సుగుణమ్మగారు.

గునపం అడిగి తీసుకుని తవ్వాను. అడుగున ఎర్త్ రేకు, దాని బోల్టు, నట్టు కనిపించాయి. తీగ మాత్రం విడిగా పడి ఉంది. తెగలేదు. నట్టు అసలు బిగించనే లేదు.

వైరింగు చేసిన రోజు నందిగామ బస్సు వెళ్లిపోతుందన్న తొందరలో మట్టి కప్పించేశాను. బిగించానా లేదా అని నన్ను నేను అడగడానికే ఏడాదిగా భయపడుతున్నాను. ఇంటి స్విచ్చు బోర్డుకు కూడా అదే ఎర్త్. ఇన్నాళ్లూ ఆవిడ ఆ ఇంట్లోనే ఉన్నారు.

మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని అంతా చెప్పేశాను. "తప్పు నాదేనండీ," అన్నాను.

ఆవిడ గొయ్యి అంచుకు వచ్చి, విడిగా పడి ఉన్న తీగను వంగి చూశారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"ఇప్పుడు బిగించు," అన్నారు చివరికి. "నే చూస్తా ఉంటా."

రెండుసార్లు స్పానరు జారింది. బిగించే దాకా ఆవిడ అక్కడి నుంచి కదల్లేదు. తర్వాత లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

వారం తర్వాత ఒక కార్డు వచ్చింది. మోత రావడం లేదని ఒక్క వాక్యం, అంతే. మళ్లీ ఎప్పుడూ నన్ను పిలవలేదు.

మోటారు లేదు, తీగల్లో కరెంటు లేదు. ఎంతమంది పెద్ద ఎలక్ట్రీషియన్లను అడిగినా, అలా మోగడం కుదరదనే అన్నారు. నేనూ అదే అంటాను. కానీ రెండు రోజులు, నా చెవులతో, నా చేతిలోని రేడియోలో విన్నాను.