ఎస్తేరక్క బెల్టును సాగనంపే పద్ధతి

తడిసిన సీటుబెల్టుకు ఒక వాసన ఉంటుంది. పైపైన సబ్బు వాసన, దాని కింద ఎన్నో వేసవుల చెమట, కొబ్బరినూనె, పౌడరు. ఈ ఉదయం నాంపల్లి సందులో కారు తలుపులు బార్లా తెరిచి, డ్రైవరు వైపు బెల్టును చివరిదాకా లాగి, మళ్లీ లోపలికి పోకుండా బట్టల క్లిప్పు పెట్టి ఆరబెట్టాను. డ్రైవింగ్ నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయి ఆ వాసనకు ముక్కు మూసుకుంది. నాకు మాత్రం ఎస్తేరక్క వచ్చి పక్కన నిలబడ్డట్టే ఉంది. పోయినవాళ్లు కొందరికి మల్లెపూల వాసనలోనో, తాలింపు వాసనలోనో గుర్తొస్తారట. మా అక్క నాకు సబ్బు పెట్టిన సీటుబెల్టులో గుర్తొస్తుంది. ఏం చేస్తాం, ఎవరి అదృష్టం వాళ్లది.

ఎస్తేరక్క నాకు తోడబుట్టింది కాదు. మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. పెళ్లి చేసుకోలేదు. నాంపల్లి స్టేషను దగ్గర ఒక గది కిరాయికి తీసుకుని, ఒకే ఒక్క పాత కారుతో ఆడవాళ్లకు డ్రైవింగ్ నేర్పేది. నేనప్పుడు ఆ పక్క సందులో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేసేదాన్ని. మావాళ్లు పాలమూరు నుంచి కూలికొచ్చినవాళ్లు. మా ఇంట్లో ఎడ్లబండి తోలినవాళ్లున్నారు గానీ కారు స్టీరింగు ముట్టినవాళ్లు లేరు. నేర్చుకుంటానని భయంభయంగా వెళ్తే, మొదటిరోజు తాళం చేతిలో పెడుతుందనుకున్నాను. అక్క నా చేతిలో గోరువెచ్చని నీళ్ల గిన్నె, సబ్బుముక్క, అరిగిన పళ్ల బ్రష్షు పెట్టింది. ఇక్కడ కూడా గిన్నెలేనా అని మనసులో తిట్టుకున్నాను.

ఆ కారు బెల్టు విప్పితే సరిగ్గా లోపలికి పోయేది కాదు. తాగొచ్చిన మొగుడు గడప దగ్గర ఆగినట్టు సగంలో ఆగిపోయేది. అందరూ స్ప్రింగు పోయిందనుకుంటారట. చాలాసార్లు స్ప్రింగు బాగానే ఉంటుందని, బెల్టుకు పట్టిన జిడ్డూ, భుజం పైన బెల్టు దూరి వచ్చే రింగులో పేరుకున్న మురికీ దాన్ని పట్టి ఆపుతాయని అక్క చెప్పింది. బెల్టు మొత్తం బయటికి లాగాలి, క్లిప్పు పెట్టాలి, సబ్బునీళ్లతో మెల్లగా తోమాలి, తడిగుడ్డతో రింగు తుడవాలి, పూర్తిగా నీడన ఆరేదాకా క్లిప్పు తీయకూడదు. నూనె చుక్క కూడా వేయకూడదు. కింద స్ప్రింగు ఉన్న డబ్బా మూత విప్పకూడదు. ఇంత చేసినా బెల్టు లోపలికి పోకపోతే, రిపేరు మాట మరిచిపోయి కొత్తది వేయించాలి. వదులుగా వేలాడే బెల్టూ, లేని బెల్టూ ఒకటే అనేది.

బెల్టు విప్పేటప్పుడు కూడా ఆమెకొక పద్ధతి ఉంది. మేమంతా బటన్ నొక్కి వదిలేసేవాళ్లం, అది టపీమని ఎగిరి కిటికీకి కొట్టుకునేది. అక్క మాత్రం చేత్తో పట్టుకుని పైదాకా తీసుకెళ్లి వదిలేది.

"సుట్టం పోతుంటే మొకం మీద తలుపేస్తమా? గడప దాక పోయి సాగనంపుతం. దీనికి గూడ గంతే. నువ్వు నూకొద్దు, గుంజొద్దు. చెయ్యి తోడుంచు, అదే పోతది."

మా బడిలో బెల్టు విప్పడం అనే మాటే లేకుండా పోయింది. "సాగనంపినవా?" అనే అడిగేది.

లైసెన్సు వచ్చాక కూడా ఖాళీ దొరికితే నేను ఆ కారు దగ్గరే ఉండేదాన్ని. ఆ ఏడు దసరాకి నాంపల్లిలో ఆటోలు, డీసీఎం వ్యాన్లు, చివరికి తోపుడుబండ్లు కూడా బంతిపూల దండలేసుకుని మెరిసిపోతున్నాయి. మా కారుకి మాత్రం ఏమీ లేదు. అక్క క్రైస్తవురాలు, ఆమె ఎందుకు చేస్తుంది? నాకు ఆ కారుని చూస్తే పండగపూట తలంటు లేని పిల్లని చూసినట్టు జాలేసింది. అక్క చర్చికి సంబంధించిన ఏదో పని మీద బయటికెళ్లగానే పసుపు కలుపుకొచ్చాను. చక్రాలకు, స్టీరింగుకు, డాష్‌బోర్డుకు బొట్లు పెట్టాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? ప్రాణం కాపాడేది బెల్టే కదా అని దానికీ, పైనున్న రింగుకూ పసుపు దట్టంగా మెత్తి కుంకుమ అద్దాను.

మర్నాటికి పసుపు ఎండి గట్టిపడింది. బెల్టు బయటికీ రాదు, లోపలికీ పోదు. అక్క వచ్చి బెల్టును ఒకసారి లాగి చూసింది. వేరే దేవుణ్ని కొలిచే మనిషి కారుకి బొట్టు పెట్టానే, ఏమంటుందోనని భయపడ్డాను.

"బొట్టు మొకానికి పెడ్తరు పిల్లా, పేగులకు పెట్టరు" అంది.

ఆ పూటంతా ఇద్దరం కూర్చుని కడిగాం. బెల్టు మళ్లీ నడిచింది గానీ పసుపురంగు మాత్రం పోలేదు. డాష్‌బోర్డు మీది బొట్టు తుడవబోతే అక్క నా చెయ్యి పట్టి ఆపింది. తర్వాత చర్చివాళ్లెవరో ఆ బొట్టు చూసి ఇదేంటని అడిగితే, "మా చెల్లె పెట్టింది" అని చెప్పిందట. ఆ మాట నాదాకా వచ్చిన రోజు హాస్టల్లో చారులో ఉప్పు వేశానో లేదో కూడా నాకు గుర్తులేదు. అంత సంతోషపడ్డాను. కొన్నాళ్లకి వంటపని మానేసి అక్క పక్కనే నేర్పడానికి చేరాను.

ఒక వానాకాలం అక్కకి పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చేసరికి కుడిచెయ్యి పడిపోయింది, మాట తెగిపోయింది. చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, నోటిదాకా రావడానికి చాలాసేపు పడుతుంది. చూడ్డానికొచ్చినవాళ్లు మంచి మనసుతోనే ఆమె మాటలు తామే పూర్తి చేసేవాళ్లు. ఆమె "కి" అనగానే కిందకి దిగుతావా అని లేవదీసేవారు. పాపం, ఆమె అడిగింది కిటికీ తెరవమని. నేనూ అందరిలాగే తొందరపడ్డాను. కొన్నాళ్లకి అక్క ప్రయత్నించడమే మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. మాట్లాడకపోతే మాట తిరిగిరాదని డాక్టరు చెప్పాడు. మెదక్ నుంచి అక్క తమ్ముడు వచ్చి, కారు అమ్మేసి ఆమెను ఊరికి తీసుకెళ్తానన్నాడు. చెడ్డవాడేం కాదు. "ఉంటనని అక్క నోటితోని చెప్తే నేనెందుకు తీస్కపోత?" అన్నాడు. అక్క చెప్పలేదు. కాదనలేదు కూడా. నా పని పోతుందన్న దిగులు ఉంది, కాదనను. కానీ అంతకంటే, అక్క ఇక ఎప్పటికీ అలా గోడవైపే ఉండిపోతుందేమోనన్న భయం నన్ను తినేసింది.

ఆమెను తీసుకెళ్లే ముందు వచ్చిన ఆదివారం, జర గాలి తగులుతుందని బతిమాలి అక్కని కార్లో కూర్చోబెట్టాను. బెల్టు నేనే పెట్టాను. మెలిక పడలేదు కదా అని తల వంచి చూసుకుంది. అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉన్నాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తున్నారు. పెద్ద పోస్టాఫీసు దాటుతుండగా అక్క పెదవులు కదిలాయి.

"ఇం..."

"ఇంటికా" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. బండి పక్కకి తీసి ఆపాను. నూకొద్దు, గుంజొద్దు అని నాకు నేర్పింది ఈమే కదా, బెల్టుకి చేసింది మనిషికి చేయలేనా అనిపించింది. ఆమె ఎడమచేతి మీద నా చెయ్యి వేసి ఊరుకున్నాను. వెనక బస్సువాడు హారన్ మోగించి, తిట్టుకుంటూ దాటిపోయాడు. అక్క నుదుటి మీద చెమట పట్టింది. ఇంటికి పంపమంటుందా, ఇంక సెలవంటుందా అని నా కళ్లు అప్పటికే నిండిపోయాయి.

"ఇం... డి... కేటర్" అంది అక్క. కాస్త ఊపిరి తీసుకుని, "బందు... చెయ్యి."

చూసుకుంటే నాంపల్లి నుంచీ కుడివైపు ఇండికేటర్ కొట్టుకుంటూనే ఉంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అక్క సగం మూతితో నవ్వింది. ఆ సగం నవ్వంత అందమైనది నేను ఇంతవరకూ చూడలేదు.

సాయంత్రం తమ్ముడు వచ్చినప్పుడు అక్క మంచం మీద లేచి కూర్చుంది. అతను మాట అందించబోతే నేను చేత్తో ఆగమన్నాను. "గీడనే... ఉంట" అంది, చాలాసేపటికి. అతను ఆమె కాళ్లు ముట్టుకుని ఒక్కడే మెదక్ వెళ్లిపోయాడు.

తర్వాత అక్క పోయేదాకా వెనక సీట్లో కూర్చుని నాతో పాటే నేర్పింది. ఆమె "బ్రేకు" అనేలోపు ప్రమాదం జరిగిపోతుంది కాబట్టి ఆ మాట మాత్రం నా వంతుకు వచ్చింది. మిగతావి ఆమే చెప్పేది. నేర్చుకునే అమ్మాయిలు అద్దంలో ఆమె మొహం చూస్తూ, మాట పూర్తయ్యేదాకా బండి కదిలించకుండా ఆగేవాళ్లు. వాళ్లిప్పుడు ఈ ఊర్లో ఎక్కడెక్కడో కార్లు నడుపుతున్నారు. ముందున్న బండి కదలకపోతే వాళ్లు వెంటనే హారన్ కొట్టరు. నేనూ కొట్టను. వెనకవాళ్లు నా మీద కొడుతూనే ఉంటారు, కొట్టుకోనిస్తాను.