నర్సమ్మ కారుకి కొత్త పళ్లు

కొండమీద ఇళ్లకి వెళ్లి రోగుల్ని చూసే నర్సమ్మకి ఇంకో పేరుంది, రివర్సమ్మ అని. ఆవిడ కోరి పెట్టించుకున్నది కాదు, ఆవిడ కారు తెచ్చిపెట్టింది. మామగారు నడిపి నడిపి వదిలేసిన పాత బండి అది. చదును రోడ్డు మీద బుద్ధిగానే పోయేది. కొండదారి ఆఖరి మలుపు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఫస్టు గేరులో కూడా రొప్పి రొప్పి ఆగిపోయేది. ఏం చేస్తుంది? బండి వెనక్కి తిప్పుకుని, మెడ విరుచుకుని చూస్తూ రివర్సులో ఎక్కేది. ఆ కారుకున్న గేర్లలో బలమైనది అదే మరి. ఇళ్ల మెట్లమీద కూర్చున్నవాళ్లు చప్పట్లు కొడితే తనూ నవ్వేసేది కానీ, లోపల ఒళ్లు మండిపోయేది.

"ఇక దాన్ని వదిలెయ్, ఇంకో బండి చూద్దాం," అన్నాడు భర్త.

ఆవిడ ససేమిరా అంది. తిన్నగా చెల్లెలి షెడ్డుకి పట్టుకుపోయింది. చెల్లెలు మెకానిక్. చిన్నప్పుడు ఇంట్లో గడియారాలన్నీ విప్పి, నాన్న చేత చీవాట్లు తిని, వాటిని మళ్లీ బిగించి నడిపించిన మనిషి.

ఇంజను శబ్దం కాసేపు విని, "దీనికేం రోగం లేదక్కా," అంది చెల్లెలు. "వెనక ఇరుసులో పళ్లచక్రాలే నీ పనికి పొసగట్లేదు."

ముందు చక్రాలకి రాళ్లు అడ్డంపెట్టి, వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపింది. చక్రం మీదా, ఇంజను బలాన్ని వెనక్కి తెచ్చే షాఫ్టు మీదా సుద్దముక్కతో గీతలు గీసింది. అక్కని చక్రం తిప్పమని, తను కిందకి దూరి చుట్లు లెక్కపెట్టింది.

"చక్రాలు ఒక్క చుట్టు తిరగడానికి షాఫ్టు మూడున్నర చుట్లు తిరుగుతోంది. ఇది దూరాలు పోయే బండి లెక్క. నాలుగు దాటిందంటే ఎక్కే బలం వస్తుంది. ఐదు దగ్గరికి పోతే గోడైనా ఎక్కేస్తుంది."

"అయితే ఆ గోడెక్కేదే వెయ్యవే!"

"వేస్తా. మర్నాడే వచ్చి నన్ను తిడతావు. రేపు నీతో వస్తానుండు, నీ బండి రోజంతా ఏం చేస్తుందో చూస్తాను."

మర్నాడు కొండమీద ఒక తాతగారికి ఆయాసం ఎక్కువైంది. ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టి, పెద్దాసుపత్రికి పోయే పొడుగు రోడ్డు పట్టారు. నర్సమ్మ కాలు తియ్యకుండా తొక్కుతోంది. అద్దంలో ముసలాయన గుండె ఎగిసిపడుతోంది.

"ఇప్పుడు నీ కింద ఆ గోడెక్కే చక్రాలుంటే ఇంజను గగ్గోలు పెట్టేదక్కా. బండి ఇంత జోరుగా పోయేది కాదు," అంది చెల్లెలు మెల్లిగా.

నర్సమ్మ తాతగారిని డాక్టర్లకి అప్పగించి, ఆయన ఊపిరి కుదుటపడ్డాక బయటికొచ్చి, "మధ్యదే వెయ్యి, ఆ నాలుగు దాటేది. నాకు పైకీ పోవాలి, కిందకీ రావాలి," అంది.

పాతసామాన్ల దుకాణంలో అదే కంపెనీ వ్యానుది క్రౌన్ పినియన్ అనే ఆ పళ్లచక్రాల జత ఒకటి దొరికింది. చెల్లెలు పళ్లకి రంగు పూసి, తిప్పి, పళ్లు ఒరుసుకున్న మచ్చ ఎక్కడ పడిందో చూసి, సన్నటి రేకులు సర్ది బిగించింది. నడిపి చూసి మళ్లీ విప్పేసింది.

"బాగానే ఉంది కదే!" అంది అక్క.

"నీ చెవికి బాగుంది. నా చెవికి ఈల వేస్తోంది."

ఆ ఈల పోయేదాకా ఎవరెంత తొందరపెట్టినా వదల్లేదు. చివరికి భర్తతో సహా ముగ్గురూ కలిసి బయల్దేరారు. ఊరు దాటగానే భర్త డాష్‌బోర్డు వైపు చూసి హడలిపోయాడు. "అంత స్పీడేంటే! మెల్లగా పోనీ!"

వెనకనుంచి మరదలు పగలబడి నవ్వింది. "భయపడకు బావా, స్పీడు చూపే ముల్లు కోతలు కోస్తోంది. దానికింకా పాత చక్రాల లెక్కే తెలుసు. దాని సంగతీ చూస్తాలే."

ఆఖరి మలుపు వచ్చింది. అలవాటుకొద్దీ నర్సమ్మ మెడ వెనక్కి తిరగబోయింది. ఆపుకుని ఫస్టు గేరు వేసి, పెదవి బిగబట్టి తొక్కింది. బండి ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చినట్టు మూలిగి, ఎక్కడా తడబడకుండా, ముక్కు ముందుకి పెట్టుకునే పైకి చేరింది. మెట్లమీది జనం చప్పట్లు కొట్టడం మరిచిపోయి నోరెళ్లబెట్టారు.

"ఇంజను కొత్తదా అమ్మా?" అడిగింది ఒక ముసలామె.

"లేదు పెద్దమ్మా, అదే ఇంజను."

"మరెవరు చేశారీ పని?"

చెల్లెలు అప్పటికే, ఇరుసు ఎంత వేడెక్కిందో తడిమి చూడ్డానికి కారు కిందకి దూరేసింది. బయటికి రెండు పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. నర్సమ్మ ఛాతీ ఉప్పొంగింది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ వినబడేలా, ఆ పాదాలనే చూపించి చెప్పింది:

"మా చెల్లెలు!"